వదినగారి వెనక బాతుల బారు

టైలరమ్మ ఇంట్లో ఒకే నెలలో ఇద్దరు రిటైరయ్యారు. మొదట ఆమె ఆడపడుచు. పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి, క్వార్టర్ ఖాళీ చేసి, రెండు ట్రంకు పెట్టెలతో తమ్ముడి ఇంటికి వచ్చేసింది. ఆ పెట్టెల తాళాలైనా తీయకముందే తమ్ముడి ఉద్యోగం కూడా ఊడింది. అతను, అంటే టైలరమ్మ భర్త, బస్సు కండక్టరు. అతను తిరిగే రూటులో జనం ఎక్కడం లేదని డిపో వాళ్ళు ఆ రూటునే ఎత్తేసి, ఇక ఇంటిపట్టున విశ్రాంతి తీసుకోవయ్యా అన్నారు.

ఆ అక్కాతమ్ముళ్ళకు సరిపడనిది ఏదైనా ఉందంటే అది విశ్రాంతే.

ఇల్లు చిన్నది. వీధివైపు గదిలో టైలరింగ్ షాపు. కిటికీ పక్కన కుట్టుమిషను, మధ్యలో కత్తిరింపుల బల్ల, మూలన తెర కట్టిన నిలువుటద్దం. వెనక రెండు గదులు, వంటగది. టైలరమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిలో ఉంటే, వెనకనుంచి గొంతులు వినపడుతూనే ఉండేవి. వదిన దుప్పట్ల మూలలు ఆసుపత్రి మంచాల మీద మడిచినట్టు మడిచేది. తమ్ముడు వాటి మీద కూర్చునేవాడు. "పేషెంటు లేనప్పుడు మంచం మీద ఎవరూ కూర్చోకూడదురా" అని ఆమె, "టికెట్టు లేకపోయినా కూర్చోవచ్చక్కా, ఇది నా ఇల్లు" అని అతను.

ఒక రోజు టైలరమ్మకు కత్తెరలు కనపడలేదు. పెళ్ళివారి బట్టలు బల్ల మీద పరిచి ఉన్నాయి. షాపంతా వెతికి వంటగదిలోకి వెళ్ళింది.

"వదినా, నా కత్తెరలు చూశారా?"

"మరుగుతున్నాయి."

"మరగడమేంటి?"

వదిన పొయ్యి మీద గిన్నె మూత తీసి చూపించింది. మూడు కత్తెరలూ బుడగల మధ్య అటూ ఇటూ కదులుతున్నాయి. "ఎంతమంది బట్టలు కత్తిరిస్తావో! ఒక్కసారైనా శుభ్రం చేశావా వీటిని?"

టైలరమ్మ నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి కొంగుకి గుచ్చుకుంది. అరవాలనుకుంది. అరిస్తే లాభం లేదనుకుంది.

"వదినా, మీ ఇద్దరికీ ఏదో ఒక పని చూపించకపోతే నాకు పిచ్చెక్కడం ఖాయం. కాలవ అవతల మీ స్థలం ఒకటి ఉండాలిగా. పదండి, చూసొద్దాం."

ఆ స్థలం వదిన ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇల్లు కట్టుకుందామని కొన్నది. రాత్రి డ్యూటీలు, పగటి డ్యూటీలు చేస్తూ చేస్తూ ఆ సంగతే మర్చిపోయింది. కాలవ మీది చిన్న వంతెన దాటి, పాత ఇటుకల బట్టీ పక్కనుంచి వెళ్తే, కంచె గేటు లోపల నడుం ఎత్తు పిచ్చిమొక్కలూ, మధ్యలో తుప్పు పట్టిన చేతిపంపూ కనిపించాయి. కండక్టరు పంపు కొట్టాడు. కాసేపు ఆయాసపడి, దగ్గి, నీళ్ళు కక్కింది.

"బతికే ఉంది" అంది వదిన, నాడి చూసినట్టు పంపు మీద చెయ్యి వేసి.

"ఇక్కడ కూరగాయలు పండిద్దాం" అంది టైలరమ్మ.

"మనకేం వచ్చని?" అన్నాడు కండక్టరు.

"మీకు బస్సు ఎక్కేముందు టికెట్లు కొట్టడం వచ్చా? నేర్చుకున్నారుగా."

వదిన చెప్పుతో మట్టిని కెలికి చూసింది. తర్వాత తలెత్తి, "సరే. కానీ ఒక్క షరతు. పురుగుల మందు చుక్క పడకూడదు. ఎరువుల కొట్టు నుంచి ఒక్క పొట్లం కూడా ఈ గేటు దాటకూడదు" అంది. ఎందుకని ఎవరూ అడగలేదు. ఆమె పెట్టే షరతులకు కారణాలడిగే అలవాటు ఆ ఇంట్లో లేదు.

ఆ తర్వాతి నెలలు వాళ్ళ ముగ్గురి ఒళ్ళూ హూనమైన నెలలు. కండక్టరు అరచేతులు బొబ్బలెక్కితే అక్క కట్టు కట్టేది, కట్టగానే మళ్ళీ గునపం చేతికిచ్చేది. పాత సైకిలుకి చెక్క బండి తగిలించుకుని అతను ఊరంతా తిరిగి చెత్త అడుక్కొచ్చేవాడు. పాలడైరీ నుంచి పేడ, కోతమిల్లు నుంచి చెక్కపొట్టు, బేకరీ నుంచి గుడ్డుపెంకులు, మంగలిషాపు నుంచి జుట్టు. "మా జుట్టు నీకెందుకయ్యా?" అని అడిగిన వాళ్ళతో, "క్యాబేజీకి బట్టతల రాకుండా" అనేవాడు. ఆ చెత్తంతా గుట్ట పోసి, తడిపి, తిరగేస్తూ ఉంటే, కొన్నాళ్ళకు అది వాన పడ్డ నేల వాసన వేసే నల్లటి ఎరువుగా మారింది. అందులో చెయ్యి పెట్టి చూసి, వెచ్చగా ఉందని, ముగ్గురూ చంటిబిడ్డ నుదురు తాకినట్టు మార్చి మార్చి తాకారు.

మడులకు గీతలు గీసింది టైలరమ్మ. మెడలో కొలతల టేపు, చేతిలో దారపుండ. ఆమె గీసిన వరసలు గౌను అంచంత తిన్నగా వచ్చాయి. మడులకు నంబర్లు పెట్టింది వదిన. ఆమె వాటిని మడులు అనలేదు, బెడ్లు అంది.

"మూడో బెడ్‌కి నీళ్ళు పట్టావురా?"

"పట్టానక్కా. కోలుకుంటోంది."

"ఐదో బెడ్?"

"ఐదో బెడ్ టమాటాలకి నీరసంగా ఉంది. రేపు రౌండ్సులో నువ్వే చూడు."

మొదట మొలిచింది ముల్లంగి. ఒక ఉదయం కండక్టరు వెళ్ళేసరికి నల్లటి మట్టి మీద ఆకుపచ్చటి చుక్కలు వరసగా లేచి ఉన్నాయి. అతను సైకిలు అక్కడే పడేసి, ఇంటిదాకా పరుగెత్తుకొచ్చి, షాపులో కొలతలిస్తున్న డాక్టరుగారి భార్య ముందే భార్య చెయ్యి పట్టుకుని లాగాడు. "వచ్చేశాయి! అన్నీ వచ్చేశాయి! ఒక్కటి కూడా స్టాపులో దిగిపోలేదు!" డాక్టరుగారి భార్య కూడా టేపు నడుముకు చుట్టుకునే ఉండగా చూడడానికి వాళ్ళ వెంట వెళ్ళింది.

తర్వాత పాలకూర, బీన్స్, క్యాబేజీ, టమాటా. మొక్కల మధ్య టైలరమ్మ పూలమొక్కలు నాటింది. వదిన మొహం చిట్లించి, "వార్డులో డెకరేషన్లేంటి?" అంది. "పురుగులు ముందు వీటి చుట్టూ తిరుగుతాయట వదినా, పుస్తకంలో ఉంది" అంటే, పుస్తకంలో ఉందన్న మాటకి ఊరుకుంది.

అంతా బాగానే ఉందనుకుంటుండగా వానలు పట్టుకున్నాయి. వానలతో పాటు నత్తలు వచ్చాయి. ఒకటీ అరా కాదు. బట్టీ పక్కన పాత ఇటుకల సందుల్లో వాటికి ఊళ్ళే ఉన్నాయని అప్పుడు తెలిసింది. పొద్దున్నే వెళ్ళేసరికి పాలకూర మడంతా అల్లిక పని చేసినట్టుంది. టైలరమ్మ ఒక ఆకు తుంచి వెలుగుకి పట్టి చూసింది. "లేసు నేను కూడా ఇంత బాగా కుట్టలేను" అంది కానీ, ఆ మాటకి ఆమెకే నవ్వు రాలేదు. మర్నాటికి బీన్స్ మొలకలు లేవు. ఆ మర్నాటికి క్యాబేజీ నారు లేదు.

అప్పటికి టైలరమ్మ షాపులో సగం పని ఆగిపోయి ఉంది. కుట్టి ఇస్తానన్న బట్టలు ఇవ్వలేక మాటలు పడుతోంది. పగలంతా మట్టి, సాయంత్రమంతా మిషను. ఆ రోజు ఆమె తిన్నగా ఎరువుల కొట్టుకి వెళ్ళి, నత్తల మందు పొట్లం కొని, సంచిలో పెట్టుకుని తోటకి వచ్చింది.

దాచలేదు. వదిన ముందే బయటికి తీసింది. "ఒక్కసారే వదినా. ఈ ఒక్కసారికి చల్లి, మళ్ళీ ముట్టుకోవద్దు."

వదిన ఆ పొట్లం వైపు చూసి ఒంటికాలి మీద లేచింది. "గేటు బయట పారేసి రా!"

"మొక్కలన్నీ పోతున్నాయి!"

"పోనీ."

"పోనీ అంటే ఎలా? ఎంత చాకిరీ చేశాం! ఇది మీ ఆసుపత్రి కాదు వదినా, మీరు చెప్పిందల్లా చేయడానికి నేను మీ వార్డు ఆయానీ కాదు!"

కండక్టరు ఇద్దరి మధ్యా నీళ్ళ డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. ఎటు తిరిగినా తప్పే. చివరికి టైలరమ్మ పొట్లం సంచిలోనే పెట్టుకుని ఇంటికి వచ్చేసింది. ఆ సాయంత్రం ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు.

మర్నాడు తెల్లవారుతుండగా ఆమెకి మెలకువ వచ్చింది. భర్త పక్కన లేడు. వదిన పక్క కూడా ఖాళీగా ఉంది. మూలలు మడిచి ఉన్నాయి. ఏదో అనుమానమేసి, శాలువా కప్పుకుని కాలవ వైపు నడిచింది. సన్నగా తుంపర పడుతోంది. తోటలో పాలకూర మడి పక్కన, ముసలి మోకాళ్ళ కింద గోనెసంచి మడత పెట్టుకుని, చేతులకి ఆసుపత్రి తొడుగులు వేసుకుని, వదిన ఒక్కొక్క నత్తనూ ఏరి బకెట్లో వేస్తోంది. అవతల మడిలో కండక్టరు అదే పనిలో ఉన్నాడు. బకెట్ల అడుగు కూడా నిండలేదు. మడులు మాత్రం చాలా ఉన్నాయి.

టైలరమ్మ వెళ్ళి వదినకి ఎదురుగా, అదే మడికి ఇవతలి వైపు కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. మడి సగానికి వచ్చాక వదినే మొదలుపెట్టింది.

"నా వార్డుకి పురుగుల మందు కొట్టేవాళ్ళని తెచ్చేవారు. కూలివాళ్ళు. వీపుకి డబ్బా కట్టుకుని పొలంలో కొడుతూ కొడుతూ పడిపోయినవాళ్ళు. ఒకతను ఉండేవాడు, అప్పట్లో వీడంత వయసు." తమ్ముడి వైపు చూపించింది. "నా చెయ్యి పట్టుకుని, 'ముక్కుకి గుడ్డ కట్టుకునే కొట్టాను సిస్టర్' అన్నాడు. నేనేదో తిడతానని భయపడ్డట్టు. అదే చివరి మాట. అతను పోయాక ఆ గుడ్డ చాలాసేపు నా చేతిలోనే ఉండిపోయింది."

ఒక నత్త బకెట్లోంచి పైకి పాకుతుంటే టైలరమ్మ మెల్లగా కిందికి తోసింది.

"ఈ సంగతి ముందే చెప్పొచ్చుగా వదినా."

"చెప్పడం నాకు రాదు. ఆర్డర్లేయడమే వచ్చు."

టైలరమ్మ నవ్వింది. ఆ తర్వాత కాసేపటికి వదిన కూడా నవ్వింది. మధ్యాహ్నం టైలరమ్మ ఆ పొట్లాన్ని ఎరువుల కొట్టులో తిరిగి ఇచ్చేసింది. కొట్టాయన వింతగా చూశాడు. "పని చేయలేదా అమ్మా?" "చేసింది. మా ఇంట్లో" అని వచ్చేసింది.

అయినా నత్తలు నత్తలే. ఎంత ఏరినా తరగలేదు. అప్పుడే కాలవ గట్టు మీద బాతులాయన కనిపించాడు. కోతలైపోయిన పొలాల వెంట బాతుల మందను మేపుకుంటూ ఊరూరూ తిరిగే మనిషి. ఆ రోజు అడుగు తీసి అడుగు వేయలేక కుంటుతున్నాడు. కాలికి మురికి గుడ్డ చుట్టి ఉంది. వదిన గేటు దగ్గర నిలబడి, "ఏయ్, ఇలా రా. కూర్చో. కాలు చూపించు" అంది.

"ఏం లేదమ్మా, మేకు గుచ్చుకుంది, అదే తగ్గిపోద్ది..."

"నేనడిగింది కాలు. కబుర్లు కాదు."

గుడ్డ విప్పి చూస్తే కాలు వాచి ఉంది. వదిన కడిగి, కట్టు కట్టి, "ఇవాళే ఆసుపత్రికి వెళ్ళాలి, కొన్నాళ్ళు అక్కడే ఉండాలి" అంది. ఆయన బిక్కమొహం వేశాడు. "నా బాతులనేం చేయనమ్మా? వీటిని ఎవరు చూస్తారు?"

ఆ మాట అంటుండగానే మందలోని ఒక బాతు కంచె కింద నుంచి తల దూర్చి, పాలకూర మడి అంచున ఉన్న లావుపాటి నత్తని గుటుక్కున మింగేసింది. మరో నత్త కోసం మెడ చాచింది.

ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మేం చూస్తాం" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

అలా తోటలోకి బాతులు వచ్చాయి. లేత మడుల చుట్టూ టైలరమ్మ పాత తెరగుడ్డలు కట్టింది, మిగతా చోటంతా వాటికి వదిలేసింది. అవి ఇటుకల సందుల్లో ముక్కులు పెట్టి, బట్టీ చుట్టూ తిరిగి, నత్తల ఊళ్ళను ఊళ్ళుగా ఖాళీ చేశాయి. పొద్దున్నే వదిన స్టీలు కంచం మీద గరిటతో టంగుటంగుమని కొట్టి వాటిని దొడ్డి నుంచి వదిలేది. సాయంత్రం మళ్ళీ అదే చప్పుడు చేసి గింజలు వేసి లోపలికి తోలేది. వారం తిరగకుండానే ఆ చప్పుడు వింటే చాలు, అవి ఎక్కడున్నా పడుతూ లేస్తూ వచ్చి ఆమె వెనక బారు కట్టేవి. "నా ట్రైనీ నర్సులు కూడా ఇంత చక్కగా నిలబడేవారు కాదు" అనేది ఆమె, గర్వం దాచుకోలేక.

పంట నిలబడింది. నిలబడడం కాదు, విరగపండింది. టమాటాలు కర్రలను వంచేశాయి. బీన్స్ కోసినంత సేపట్లో వెనక మళ్ళీ కాస్తున్నాయా అన్నట్టుంది. దానికి తోడు గుడ్లు. మొదటి కోతని కండక్టరు బండి మీద పేర్చుకుని టోకు మార్కెట్‌కి తీసుకెళ్ళాడు, భార్యను కూడా వెంట తీసుకుని. అక్కడి వ్యాపారి ఒక పాలకూర కట్ట తీసి, ఆకు విప్పి, పెదవి విరిచాడు.

"ఏంటిది, చిల్లులు?"

"పురుగు తిన్నదండీ" అన్నాడు కండక్టరు.

"తిని బతికే ఉంది" అంది టైలరమ్మ. "కాబట్టి మీరు తిన్నా బతుకుతారు."

వ్యాపారి నవ్వాడు కానీ సరుకు తీసుకోలేదు. దారిలో కండక్టరు తల వంచుకుని బండి తోస్తున్నాడు. టైలరమ్మకే ఆలోచన తట్టింది. ఆదివారం షాపుకి సెలవు. షాపు ముందు అరుగు ఉంది, పైన రేకుల నీడ ఉంది. అక్కడే పెడదాం అంది.

మొదటి ఆదివారం కత్తిరింపుల బల్లను అరుగు మీదకి లాగి, దాని మీద కూరగాయలు రంగులవారీగా పేర్చింది. ఎర్రవి ఒక వైపు, పచ్చవి ఒక వైపు, ముల్లంగి అంచు కుట్టినట్టు చుట్టూ. కండక్టరుని కేకలు వేయమంది. అతను గొంతు సవరించుకున్నాడు, చొక్కా సర్దుకున్నాడు, అటూ ఇటూ చూశాడు. నోరు పెగల్లేదు.

"జీవితమంతా అరిచారుగా!"

"అప్పుడు నా వెనక బస్సు ఉండేది" అన్నాడతను నీళ్ళు నములుతూ. "ఇప్పుడేముంది?"

"నేనున్నాను."

అతను ఆమె వైపు చూసి, "టమాటాలు" అన్నాడు. పక్కింటి పిల్లికి మాత్రమే వినపడేంత గట్టిగా.

ఆ రోజు వచ్చింది ఒక్క బేకరీ ఆయన. అది కూడా ఊడిన గుండీ కుట్టించుకోవడానికి. సాయంత్రానికి వాడిపోతున్న పాలకూరని చూసి బాధేసి, బుట్టెడు తీసుకెళ్ళాడు. మర్నాడు వేడివేడి బన్నులు నాలుగు తెచ్చి బల్ల మీద పెట్టాడు. లోపల పాలకూర, గుడ్డు. ముగ్గురూ నిలబడే తిన్నారు. "వచ్చే ఆదివారం వీటిని మీ బల్ల మీద పెట్టనిస్తారా?" అని మొహమాటంగా అడిగాడు. పెట్టమన్నారు. ఆ సంగతి విని వెనక వీధిలో తేనెటీగల పెట్టెలు పెంచుకునే లెక్కల మాస్టారు సీసాలు తెచ్చాడు. అయినా రెండో ఆదివారం కొన్నవాళ్ళకంటే అమ్మేవాళ్ళే ఎక్కువ ఉన్నారు. ఒకరి సరుకు ఒకరు కొనుక్కుని ఇళ్ళకు వెళ్ళారు.

మూడో ఆదివారం టైలరమ్మ తెల్లవారకముందే ఒక బుట్ట తెచ్చుకుని బల్ల సర్దుతోంది. తూకం సామాను తీసుకుని వదిన, మిగతా సరుకు బండి మీద వేసుకుని కండక్టరు వస్తారని అనుకున్నారు. బేకరీ ఆయన ట్రేలు దించాడు. వీధిలో జనం లేరు. "ఇవాళ కూడా మనమే మనకా?" అని ఆయన అంటుండగా, దూరం నుంచి బస్సు హారన్ వినిపించింది. ఒక్కసారి కాదు, ఆగకుండా మోగుతోంది. ఆ తర్వాత ఇంకేదో గోల. కిటికీలు తెరుచుకుంటున్నాయి. పిల్లలు పరుగెడుతున్నారు.

జరిగిందేమిటంటే, వదిన తూకం పళ్ళాలూ రాళ్ళూ చేతిసంచిలో వేసుకుని బయల్దేరింది. అడుగు వేసినప్పుడల్లా అవి ఒకదానికొకటి తగిలి టంగుటంగుమన్నాయి. కండక్టరు బండి మీద బుట్టలు పేర్చే హడావిడిలో దొడ్డి తలుపు వేయడం మరిచాడు. ఇంకేముంది, చప్పుడు వినగానే మందంతా బయటికి వచ్చి బారు తీరింది. వదిన వెనక్కి చూడలేదు. రౌండ్సుకి వెళ్ళేటప్పుడు ఆమె ఏనాడూ వెనక్కి చూసేది కాదు, వెనక వచ్చేవాళ్ళు వస్తారంతే. వంతెన దాటింది. పెద్దరోడ్డు ఎక్కింది. బాతులూ ఎక్కాయి.

టైలరమ్మ అరుగు మీంచి చూసేసరికి వీధి మలుపులో వదిన కనిపించింది. తల నిటారుగా, సంచి ఊపుకుంటూ. ఆమె వెనక తెల్లటి బాతుల బారు, మెడలు చాచి, కాళ్ళు ఈడ్చుకుంటూ, క్వాక్ క్వాక్‌మంటూ. బాతుల వెనక పిల్లలు. పిల్లల వెనక కూరగాయల బండి తోసుకుంటూ కండక్టరు. అందరి వెనకా దారి లేక నత్తలా పాకుతున్న బస్సు. దాని డ్రైవరు కండక్టరుతో ఏళ్ళ తరబడి కలిసి తిరిగిన మనిషి. స్టీరింగ్ మీద పడి పగలబడి నవ్వుతూ హారన్ కొడుతున్నాడు.

"వదినా! వెనక్కి చూడండి!" అని అరిచింది టైలరమ్మ.

వదిన ఆగి వెనక్కి తిరిగింది. బాతులన్నీ ఆగాయి. ఆమె వాటి వైపు చూసింది, అవి ఆమె వైపు చూశాయి. "ఎవరు రమ్మన్నారు మిమ్మల్ని?" అంది గట్టిగా, డ్యూటీ వదిలి వచ్చిన నర్సుల్ని అడిగినట్టు. వీధంతా గొల్లున నవ్వింది.

బస్సులోంచి జనం దిగుతున్నారు. తోసుకుంటున్నారు. ఒక పెద్దాయన బాతు మీద కాలు వేయబోయాడు. అది చూసి కండక్టరుకి ఎక్కడ దాక్కుందో ఏమో, పాత గొంతు బయటికి వచ్చేసింది.

"జరగాలి, జరగాలి! బాతుల్ని తొక్కకండి, ముందుకు జరగాలి! టమాటాలు ముందు, పాలకూర వెనక, గుడ్లు ఆడవాళ్ళ వైపు! వేడి బన్నులున్నాయి, దిగేవాళ్ళు దిగండి, తినేవాళ్ళు ఎక్కండి!"

జనం అలవాటు కొద్దీ వరసలో నిలబడ్డారు. తూకం వేసి వేసి టైలరమ్మ చేతులు పడిపోయాయి. వదిన పక్కన చేరి కట్టలు కట్టి ఇస్తూ, "ముందు వీళ్ళకి, నీరసంగా ఉన్నారు" అని ముసలివాళ్ళని ముందుకి పిలిచింది. ఒకావిడ పాలకూర ఆకు ఎత్తి చిల్లులు చూపిస్తే, బస్సు డ్రైవరే జవాబు చెప్పాడు, "పురుగు రుచి చూసి పాసు చేసిందమ్మా, తీసుకో!" ట్రాఫిక్ కానిస్టేబుల్ విజిలేసుకుంటూ కోపంగా వచ్చాడు. ఎవరిదీ మంద, ఎవరిచ్చారు అనుమతి అంటూ ఉండగానే లెక్కల మాస్టారు తేనె రాసిన బన్ను ఆయన చేతిలో పెట్టాడు. విజిల్ నోట్లోంచి తీస్తేనే గానీ తినడం కుదరదు. తీశాడు. తిన్నాక, "సరే, వచ్చేవారం బాతుల్ని ఇంటి దగ్గరే ఉంచండి" అని, ఇంట్లో వాళ్ళకి నాలుగు ముల్లంగి కట్టలు కొనుక్కుని వెళ్ళాడు.

మధ్యాహ్నానికి బల్ల మీద మట్టి తప్ప ఏమీ మిగల్లేదు. ముగ్గురూ అరుగు అంచున కూలబడ్డారు. బాతులు రేకుల నీడలో ముక్కులు రెక్కల్లో దూర్చుకుని పడుకున్నాయి. "దొడ్డి తలుపు వేయనిది నేనే" అన్నాడు కండక్టరు భయంభయంగా. వదిన అతని నెత్తి మీద ఒకటి మొట్టి, ఆ చేత్తోనే జుట్టు నిమిరింది.

బాతులు రాకపోయినా తర్వాతి వారం జనం వచ్చారు. ఆ పై వారం జనంతో పాటు అమ్మేవాళ్ళు కూడా వచ్చారు. పెరట్లో నిమ్మకాయలు రాలిపోతున్నాయని ఒకావిడ, ఇంట్లో పచ్చిపాల వెన్న తీస్తామని ఒక జంట, బుట్టలల్లే ముసలాయన. అరుగు చాలక వీధి చివరిదాకా బల్లలు పడ్డాయి. ఊళ్ళో వాళ్ళు దాన్ని ఆదివారం సంత అన్నారు. టైలరమ్మ షాపుకీ కొత్త గిరాకీ తగిలింది. టమాటాలకి వచ్చినవాళ్ళు కొలతలిచ్చి వెళ్ళేవారు.

కాలు నయమై బాతులాయన తిరిగి వచ్చిన రోజు వదిన పొద్దుటి నుంచీ ముభావంగా ఉంది. ఆయన మందని చూసి నోరు వెళ్ళబెట్టాడు. "ఇవి నావేనా అమ్మా? ఇంత బలిశాయేంటి!" ఆయన వాటిని తోలుకుని గట్టు మీద కొంతదూరం వెళ్ళాడు. కొన్ని వెళ్ళాయి. కొన్ని మాత్రం మొండికేసి వెనక్కి వచ్చి గేటు ముందు నిలబడ్డాయి. ఆయన రెండుసార్లు తోలి చూసి, నవ్వేసి, "ఇవి మీ పేషెంట్లయిపోయాయి, డిశ్చార్జి కావు. ఉంచుకోండమ్మా" అని వెళ్ళిపోయాడు. వదిన మొహం తిప్పుకుని కళ్ళజోడు తుడుచుకుంది.

చలికాలం వచ్చాక బట్టీ వైపు మడిలో బంగాళదుంపలు తవ్వే పని పడింది. ఆలస్యంగా వేశారు, పండుతాయన్న ఆశ ఎవరికీ లేదు. సంతలో ఆ మాట చెబితే మేమూ వస్తాం, మేమూ వస్తామని అందరూ బయల్దేరారు. బేకరీ ఆయన, మాస్టారు, డ్రైవరు, డాక్టరుగారి భార్య, పారలు పట్టుకుని ఇంకా ఎవరెవరో. ఎండ మెత్తగా ఉంది. కండక్టరు మొదటి పార వేసి మట్టి తిరగేశాడు. ఏమీ లేదు. రెండోసారి వేశాడు. మట్టి విరిగి పక్కకి పడింది, దాని కింద దుంపలు గుంపులు గుంపులుగా, గుడ్లలా మెరుస్తూ బయటపడ్డాయి.

ఆ తర్వాత ఇక ఎవరి మాటా ఎవరూ వినలేదు. అందరూ మోకాళ్ళ మీద కూర్చుని చేతులతోనే తవ్వారు. దొరికిన ప్రతి దుంపకీ ఒక కేక. డాక్టరుగారి భార్య అరచెయ్యంత దుంప పట్టుకుని ఎగిరి గంతేసింది. టైలరమ్మ చెంపల మీద మట్టి, జుట్టులో మట్టి. వదిన చెప్పులు విడిచి మడి మధ్యలో నేల మీదే చతికిలబడి ఉంది. ఒళ్ళో కుప్పగా దుంపలు.

"వదినా, చీరంతా మట్టి" అంది టైలరమ్మ.

"ఉండనీ" అంది వదిన, ఇంకో దుంప కోసం మోచేతి దాకా చెయ్యి మట్టిలోకి పెడుతూ. "నువ్వా చివరి నుంచి రా. ఇక్కడ చాలా ఉన్నాయి."